కాటన్ దొర: విగ్రహం కింద పారే కాలువ

గోదావరి డెల్టాలో తిరిగినవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. ఊరి మొదట్లోనో, కాలువ వంతెన పక్కనో, మార్కెట్ సెంటర్లోనో ఓ తెల్లదొర విగ్రహం ఉంటుంది. కొన్నిచోట్ల గుర్రం మీద ఉంటాడు, కొన్నిచోట్ల టోపీ పెట్టుకుని నిలబడి ఉంటాడు. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో చాలాచోట్ల ఇంగ్లీషు దొరల విగ్రహాలు మ్యూజియాలకి చేరిపోయాయి. ఇక్కడ మాత్రం రైతులే కొత్తగా విగ్రహాలు నిలబెట్టుకున్నారు. ఏటా మే 15న దండలు వేస్తారు. గోదావరిలో మునిగి అర్ఘ్యం వదిలేటప్పుడు ఆయన పేరు కూడా తలుచుకునే వాళ్లున్నారని పెద్దలు చెప్తారు.

ఆయనే సర్ ఆర్థర్ థామస్ కాటన్. మన గోదావరి వాళ్ల నోట కాటన్ దొర.

ఇంతకీ దండ వేసి వెనక్కి తిరిగాక, విగ్రహం పక్కన పారే కాలువ వైపు ఎంతమంది చూస్తున్నాం? ఆయన అసలు స్మారకం విగ్రహం కాదు, ఆ కాలువ. అది ఎలా వచ్చిందో తెలిస్తేనే దాన్ని ఎందుకు కాపాడుకోవాలో అర్థమవుతుంది. పైగా మనం ఇంజనీరింగ్ విద్యార్థులం. హైడ్రాలిక్స్ పుస్తకంలో లేని పాఠాలు కొన్ని ఈయన జీవితంలో ఉన్నాయి.

పద్దెనిమిదేళ్లకే మద్రాసు

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. ఇంట్లో పదకొండు మంది అన్నదమ్ములు, ఈయన పదోవాడు. పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ వాళ్ల ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరారు. మనం ఇంటర్‌లో చేరే వయసుకి ఆయన ఇంజనీరింగ్ శిక్షణ మొదలైపోయిందన్నమాట. 1819లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. వేల్స్‌లో కొంతకాలం సర్వే పని నేర్చుకుని, 1821లో మద్రాసులో దిగారు.

మొదట్లో దొరికినవి చిన్నాచితకా పనులే. రామేశ్వరం దగ్గర పాంబన్ జలసంధిని సర్వే చేశారు. తర్వాత మొదటి బర్మా యుద్ధానికి వెళ్లి, తిరిగొచ్చారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం యుద్ధం కాదు, కావేరి.

కావేరి ఒడ్డున నేర్చుకున్న పాఠం

తిరుచిరాపల్లి దగ్గర కావేరి రెండుగా చీలుతుంది. ఒక పాయ కావేరి, రెండోది కొల్లిడం. కొల్లిడం అడుగు లోతుగా ఉండటంతో నీళ్లన్నీ అటే జారిపోయేవి. కావేరి పాయ ఇసుక మేట వేసి ఎత్తు పెరుగుతూ వచ్చింది. తంజావూరు పొలాలకు నీళ్లు తగ్గిపోయాయి. ఇలాగే వదిలేస్తే వేల ఏళ్లుగా పండుతున్న నేల బీడు పడిపోయేది.

ఈ సమస్య మీద పనిచేస్తూ కాటన్ కల్లణైని బాగా పరిశీలించారు. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే పాత ఆనకట్ట అది. అడుగున గట్టి రాయి లేని చోట, ఒట్టి ఇసుక మీద, అంత పెద్ద నదికి అడ్డంగా అది ఎలా నిలబడింది? అప్పటి ఇంగ్లీషు ఇంజనీర్లకి ఇసుక మీద పునాది అంటే భయం. మన పాతకాలం మేస్త్రీలు మాత్రం పెద్ద పెద్ద రాళ్లు ఇసుకలో వేశారు, అవి దిగబడ్డాయి, వాటి మీద ఇంకా వేశారు. ఇక దిగలేనంత వరకూ దిగాక, అదే పునాది అయింది.

ఇసుక మీద ఆనకట్ట నిలబెట్టడం ఈ దేశపు పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నానని కాటన్ ఏ దాపరికం లేకుండా రాశారు. తమ పాలనే గొప్పదనుకునే ఆ రోజుల్లో ఓ కంపెనీ ఆఫీసరు ఆ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ పాఠంతోనే 1836లో కొల్లిడం మీద ఎగువ ఆనకట్టా, దాని వెంటే దిగువ ఆనకట్టా కట్టించారు. తంజావూరు మళ్లీ పచ్చబడింది.

ఈ మధ్యలోనే ఇంకో ముచ్చట. మద్రాసులో రోడ్ల పనికి రాళ్లు తేవడానికి 1830లలో రెడ్ హిల్స్ నుంచి ఓ చిన్న పట్టాల బండి దారి వేశారు. దేశంలో ప్రయాణికుల రైలు రావడానికి చాలా ముందే వేసిన ఆ దారి వెనుక ఉన్నది కూడా కాటనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాత ఆరోగ్యం పాడై టాస్మేనియా వెళ్లారు. 1841లో అక్కడే ఎలిజబెత్ లియర్‌మంత్‌ని పెళ్లి చేసుకున్నారు. తిరిగొచ్చాక విశాఖపట్నంలో పని. సముద్రం కోతనుంచి తీరాన్ని కాపాడటానికి రాళ్ల కట్టలు వేయించారు. అక్కడి నుంచి గోదావరి ఎంతో దూరం లేదు.

నది పక్కనే ఆకలి

ఇప్పుడు కోనసీమ అంటే కొబ్బరితోటలు, వరిచేలు, పచ్చదనం గుర్తొస్తాయి. 1830లలో పరిస్థితి వేరు. 1832–33లో నందన కరువు వచ్చింది. డొక్కల కరువు అని కూడా దాన్ని చెప్పుకునేవారు. పేరులోనే అంతా ఉంది. గుంటూరు సీమ సగం ఖాళీ అయిన ఆ కరువు గోదావరి సీమనీ వదల్లేదు. 1839లో పెద్ద తుపాను కోరంగి తీరాన్ని ఊడ్చేసింది. వరదొస్తే పంట మునుగుతుంది, వానలు లేకపోతే పంట ఎండుతుంది. 1821 నుంచి 1841 మధ్య రాజమండ్రి జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. కొందరు చనిపోయారు, మిగతావాళ్లు వలసపోయారు.

విచిత్రం ఏంటంటే ఇదంతా గోదావరి పక్కనే జరిగింది. త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే నది, ఊళ్ల పక్కనుంచే సముద్రంలోకి పోతోంది. ఒడ్డున ఉన్న పొలం మాత్రం వాన కోసం ఆకాశం వైపు చూస్తోంది.

1844లో కాటన్ ఇక్కడికి వచ్చి నదిని పరిశీలించి కంపెనీకి నివేదికలు పంపారు. డెల్టాలో నేల తీరు ఆయన బాగా పట్టుకున్నారు. మామూలుగా నది పల్లంలో పారుతుంది, నేల అటు వాలి ఉంటుంది. డెల్టాలో దీనికి తిరగబడి ఉంటుంది. వేల ఏళ్లుగా వరదలు ఒండ్రు పోసి పోసి, నది గట్ల దగ్గర నేల ఎత్తు పెరుగుతుంది. గట్టు నుంచి దూరం పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. అంటే డెల్టా మొదట్లో నీటి మట్టాన్ని కొన్ని అడుగులు ఎత్తితే చాలు, మిగతా పని భూమ్యాకర్షణే చేసుకుంటుంది. మోటారు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు.

నాలుగు ముక్కల ఆనకట్ట

రాజమండ్రికి దిగువన ధవళేశ్వరం దగ్గర నది బాగా వెడల్పవుతుంది. మామూలుగా ఆనకట్టకి ఇరుకైన చోటు వెతుకుతాం. కాటన్ మాత్రం వెడల్పైన చోటే ఎంచుకున్నారు. వెడల్పున్నచోట నీటి లోతూ వేగమూ తక్కువ. పైగా మధ్యలో పిచ్చుకలంక, బొబ్బర్లంక లాంటి లంకలున్నాయి. అక్కడ గోడ కట్టక్కర్లేదు. లంకల మధ్య పాయలకే కడితే సరిపోతుంది. అలా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట రూపు దిద్దుకుంది. నాలుగూ కలిపితే సుమారు 12,000 అడుగుల కట్టడం. ఎత్తు మాత్రం 12 అడుగులే.

రాయి ధవళేశ్వరం కొండదే. పైన జనార్దనస్వామి గుడి ఉన్న ఊరు అది. కొండ దగ్గర రాయి కొట్టి, పట్టాల మీద బండ్లలో నది ఒడ్డుకి చేర్చి, పడవల్లో పాయల్లోకి తీసుకెళ్లారు. ఇసుకలో బావులు దించి, వాటి మీద సున్నంతో గోడ లేపి, దిగువన నీళ్లు పడేచోట రాళ్లు పరిచారు. నీటి ధాటికి రాళ్లు కొట్టుకుపోతే మళ్లీ వేశారు. కల్లణై పాఠమే ఇది.

1846లో కంపెనీ అనుమతి వచ్చింది. తొలి అంచనా సుమారు 4.75 లక్షల రూపాయలు. 1847లో పని మొదలైంది. అడిగినంతమంది ఆఫీసర్లను మాత్రం ఇవ్వలేదు. కంపెనీ ప్రతి రూపాయికీ లెక్క అడిగేది. వేలమంది కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, వడ్రంగులు, కమ్మరులు ఎండలో పనిచేశారు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా మిగల్లేదు. మిగిలిన ఒక పేరు వీణం వీరన్న. కూలీలను సమీకరించి, పనులు నడిపించి, ఆనకట్ట పూర్తయ్యేదాకా కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన తెలుగు ఇంజనీరు ఆయన. ఆ సేవకి రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చారు. కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, వీరన్నని తలుచుకునేవాళ్లు తక్కువ.

1848లో కాటన్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. పనిని కెప్టెన్ ఓర్ చేతిలో పెట్టి ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. 1850లో తిరిగొచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఖర్చు తొలి అంచనా దాటింది. కానీ కొన్నేళ్లలోనే పెరిగిన పంట, పెరిగిన రాబడి ఆ మాటని మరిపించాయి. అదే ఊపులో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట మొదలైంది. 1855కల్లా ఓర్ ఆధ్వర్యంలో అదీ పూర్తయింది.

కాలువే రోడ్డు

ఆనకట్ట అనగానే అందరూ గోడ గురించే మాట్లాడతారు. కాటన్ దృష్టిలో గోడ సగం పనే. మిగతా సగం కాలువలు. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడు వైపులా కాలువలు తవ్వుతూ పోయారు. మధ్యలో నదీ పాయ అడ్డొస్తే దాని మీదుగా కాలువనే దాటించారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 49 కమానులతో కట్టిన అక్విడెక్టు అలాంటిదే. కింద నది, పైన కాలువ. దాన్ని కట్టినవాడు హేగ్ అనే కుర్ర ఇంజనీరు. ఇప్పుడు పక్కనే కొత్తది వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అన్నం పెట్టిన తల్లి పేరు, అన్నం పండించే నీళ్లకి. ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

ఈ కాలువలు పొలానికి నీళ్లివ్వడానికి మాత్రమే కాదు, పడవలు తిరగడానికి కూడా. ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి పడవ దిగాలంటే లాకులు కావాలి. గోదావరి జిల్లాల్లో లాకులు అంటే తెలియనివాళ్లు ఉండరు. రెండు జతల తలుపులు, మధ్యలో తొట్టిలాంటి చోటు. పడవ లోపలికొచ్చాక పై తలుపులు మూస్తారు, కింది తూములు తెరుస్తారు, నీళ్లతో పాటు పడవ మెల్లగా కిందికి దిగుతుంది. కరెంటు లేదు, ఇంజను లేదు. కాకినాడ నుంచి ధవళేశ్వరం, ఏలూరు, బెజవాడ, అక్కణ్నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా సరుకు పడవలు వెళ్లేవి. ధాన్యం, కొబ్బరి, ఉప్పు, కలప, మనుషులు, అందరికీ అదే దారి.

1876–78 కరువు మద్రాసు రాష్ట్రాన్ని అల్లాడించినప్పుడు గోదావరి, కృష్ణా డెల్టాలు నిలబడ్డాయి. తాము తినడమే కాదు, బయటికి ధాన్యం పంపాయి. నలభై ఏళ్ల ముందు డొక్కలు ఎండిన నేల ఇదేనని గుర్తు చేసుకుంటే, ఆ గోడ విలువ తెలుస్తుంది.

నెగ్గని వాదన

కాటన్ 1860లో ఇండియా వదిలి వెళ్లారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. అక్కడితో విశ్రాంతి తీసుకుంటే ఆయన కాటన్ అయ్యేవారు కాదు. రైళ్ల మీద కోట్లు పోస్తున్నారు, ఆ డబ్బులో కొంతైనా కాలువల మీద పెడితే కరువూ తీరుతుంది, చౌక రవాణా కూడా దొరుకుతుంది అని పత్రికల్లో, సభల్లో, ప్రభుత్వం ముందు వాదిస్తూనే ఉన్నారు. నదుల్ని కాలువలతో కలపాలన్న ఆలోచన కూడా ఆయనదే. తొలి రోజుల్లో తనే పట్టాలు వేయించిన మనిషి రైళ్లని తిట్టడం చాలామందికి వింతగా తోచింది. ఆయనకి రైలు మీద కోపం లేదు. ఆకలితో ఉన్న దేశానికి ముందు ఏది కావాలన్నదే ఆయన ప్రశ్న.

1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు 75 ఏళ్ల వయసులో సాక్ష్యం చెప్పారు. కమిటీ ఆయన వైపు మొగ్గలేదు. ఆయన ఆలోచనలోంచి పుట్టిన కర్నూలు–కడప కాలువ నష్టాల్లో పడింది. 1882లో ప్రభుత్వం దాన్ని కంపెనీ చేతుల్లోంచి కొనుక్కోవాల్సి వచ్చింది. ప్రత్యర్థులు ఆ కాలువనే వేలెత్తి చూపించారు. గోదావరిలో నెగ్గిన పద్ధతి ప్రతి నేలలోనూ నెగ్గుతుందనుకోవడం పొరపాటేనని చరిత్ర చెప్తోంది. చివరి రోజుల్లో డార్కింగ్‌లోని తన ఇంటి పెరట్లో నేలని లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేసుకుంటూ గడిపారు. 1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పొగడ్తతో పాటు లెక్క కూడా

కాటన్‌ని దేవుణ్ని చేసి ఊరుకుంటే ఆయన నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. ఈ ఆనకట్టకి కంపెనీ డబ్బు పెట్టింది దయతో మాత్రమే కాదు, శిస్తు పెరుగుతుందన్న లెక్కతో కూడా. డెల్టా పచ్చబడింది గానీ ఎగువ మెట్ట ప్రాంతం, ఏజెన్సీ అలాగే ఉండిపోయాయి. సముద్రం నుంచి ఎదురీదే పులసకి ఆనకట్ట అడ్డం పడింది. నది మీద ఏం కట్టినా ఎవరికో లాభం, ఎవరికో నష్టం. అది చూడటం కూడా ఇంజనీరు పనే.

పాత ఆనకట్ట బలహీనపడటంతో 1970లలో కొత్త బ్యారేజీ పని మొదలై, 1982లో జాతికి అంకితమైంది. 175 గేట్లతో నిలబడిన దానికి కాటన్ పేరే పెట్టారు. సుమారు 10 లక్షల ఎకరాలకి అదే ఆధారం. 1986 ఆగస్టులో గోదావరి చరిత్రలోకెల్లా పెద్ద వరదల్లో ఒకటి దీని మీదుగానే వెళ్లింది.

మన చేతిలో ఉన్నది

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆనకట్ట నమూనాలు, ఫోటోలు, ఆవరణలో పాతకాలపు యంత్రాలు చూడొచ్చు. రాజమండ్రి వెళ్లేవాళ్లు పుష్కర ఘాట్ చూస్తారు, పాపికొండలు వెళ్తారు, కడియం నర్సరీల్లో ఫోటోలు దిగుతారు. మ్యూజియం దాకా వచ్చేవాళ్లు తక్కువ, లాకుల దగ్గర ఆగేవాళ్లు ఇంకా తక్కువ. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనని పర్యాటకానికి వాడుకోవాలని ప్రణాళికలు వేస్తున్నారు, సంతోషం. కానీ గోదావరి సీమ వారసత్వం అంటే ఒక వంతెన, ఒక మ్యూజియం కాదు. పాత లాకులు, తూములు, అక్విడెక్టు, కాలువ గట్ల వెంట చెట్లు, ఇంకా పారుతున్న నీళ్లు, అన్నీ కలిపితేనే వారసత్వం. నూట డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా అన్నం పెడుతున్న కట్టడం ఇది. చూడటానికి కోట లాగా ఉండదు కాబట్టి మనం వారసత్వం అనుకోవట్లేదు.

ఇక కాలువ పరిస్థితి. డెల్టా ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నిండేది ఈ కాలువల నీళ్లతోనే. అంటే పొలానికే కాదు, గొంతుకీ అదే ఆధారం. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు వంతెన మీద నిలబడి కిందికి చూస్తే, మనం ఏడాదంతా వేసిందంతా కనిపిస్తుంది. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు, థర్మాకోల్, ఊరి మురుగు. మురుగు కాలువల్లో గుర్రపు డెక్క పరుచుకుని నీళ్లు కదలవు. వానాకాలంలో చేలు మునగడానికి అదో కారణం. కాలువలో నీళ్లు ఎంత ముఖ్యమో, చేలోంచి నీళ్లు బయటికి పోవడం అంతే ముఖ్యం.

టూరిజం వస్తే ఊరికి డబ్బొస్తుంది, నిజమే. కాలువ గట్టున పది రిసార్టులు వచ్చి వాటి మురుగు కూడా కాలువలోకే వదిలితే, చూడటానికి వచ్చినదాన్నే పాడుచేసుకున్నట్టు. క్రమం తప్పకూడదు. ముందు కాలువ శుభ్రం, తర్వాత పడవ. ఒక లాకు బాగుచేసి, రెండు మూడు కిలోమీటర్ల కాలువ శుభ్రం చేసి, లైఫ్ జాకెట్లున్న చిన్న పడవలు నడిపితే, ఆ ఊరి కుర్రాళ్లే గైడ్లుగా పనిచేయొచ్చు. కాలువలో చెత్త పడితే తమ బేరం పోతుందని తెలిసిన ఊరు, చెత్త వేయనివ్వదు. నదిని కాపాడే పని, ఊరికి ఉపాధి, ఈ రెండూ కలిసేది అక్కడే.

మనం చేయగలిగింది కూడా లేకపోలేదు. డెల్టాలో ఎన్ని పాత లాకులు మిగిలాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని కూలిపోయాయి అని మన ఊళ్ల నుంచే పటం గీయొచ్చు. సివిల్ వాళ్లు కొలతలు తీయొచ్చు, కెమిస్ట్రీ ల్యాబ్‌లో నీళ్లు పరీక్షించొచ్చు, కంప్యూటర్స్ వాళ్లు మ్యాప్ చేయొచ్చు, మన సాహితీ క్లబ్ వాళ్లం లాకు కాపలా పెద్దల కబుర్లు రాసి పెట్టొచ్చు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదనేవాళ్లకి ఇంతకన్నా దగ్గర్లో ఏముంది?

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. లక్షలమంది వస్తారు, ఘాట్లు మెరుస్తాయి, కాటన్ విగ్రహాలకి రంగులు కూడా పడతాయి. ఆ లోపు విగ్రహాల కింద కాలువలు కూడా శుభ్రపడితే బాగుంటుంది. నదిని ఏళ్ల తరబడి చూసి, స్థానికుల దగ్గర నేర్చుకుని, ఆ తర్వాతే రాయి వేసిన ఇంజనీరు ఆయన. కాలువలో తేలే దండ కన్నా, చెత్త లేని కాలువే ఆయనకి తగిన నివాళి.